మినియేచర్ గేమ్ నైట్‌కి జనం తగ్గుతున్నారా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

నేను ఉండేది టెక్సస్‌లో, డాలస్ శివార్లలో. ఇక్కడి ఒక చిన్న గేమ్ స్టోర్‌లో మంగళవారం సాయంత్రాలు జరిగే మినియేచర్ గేమ్ నైట్ బాధ్యత నాది. చిన్న బొమ్మల సైన్యాల్ని టేబుల్ మీద నడిపి పోరాడే ఆటలివి. ఎక్కువగా ఆడేది వార్‌హ్యామర్ 40,000 (పొట్టిగా 40కే), కిల్ టీమ్, మార్వెల్ క్రైసిస్ ప్రోటోకాల్. స్టోర్ నాది కాదు, నాకు జీతమూ లేదు. సొంతంగా రంగులేసుకున్న ఆర్మీని పెట్టెలో సర్దుకుని ఒకరు వచ్చారంటే, వాళ్లకి ఎదురుగా కూర్చునేవాళ్లు కచ్చితంగా ఉండాలన్నది నా పట్టుదల. ఈ పని తలకెత్తుకున్నవాళ్లకి ఎదురయ్యే ఇబ్బందుల్ని, వాటి వెనక నాకు కనిపించిన కారణాల్ని, మాకు పనిచేసిన మార్గాల్ని కింద రాస్తున్నాను.

ఏదైనా మార్చే ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎవరు వచ్చారు, ఎవరితో ఆడారు, ఆట ఎన్నింటికి ముగిసింది, కొత్తవాళ్లు ఎవరు అన్నది ప్రతి వారం రాయండి. ఆరు వారాలు రాశాకే ప్రైజుల జోలికి వెళ్లండి. పాతవాళ్లు మానేస్తున్నారా, కొత్తవాళ్లు నిలవడం లేదా అన్నది ముందు తేలాలి. ఒకదానికి వేసే మందు రెండోదానికి పనిచేయదు.

సమస్య: మొదటి వారం పదహారు మంది, రెండో నెలకి ఐదుగురు. గెలిచేది ఎప్పుడూ ఆ ఇద్దరే

మేం మొదట్లో మనిషికి 10 డాలర్ల ఎంట్రీ పెట్టి, వచ్చిందంతా స్టోర్ క్రెడిట్‌గా, అంటే ఆ స్టోర్‌లోనే సరుకు కొనుక్కునేలా, మొదటి రెండు స్థానాలకీ ఇచ్చేవాళ్లం. మూడు వారాలు మంచి ఊపు మీద నడిచింది. తర్వాత నోట్‌బుక్ తిరగేస్తే, వరుసగా రెండుసార్లు ఓడినవాళ్లలో ఒక్కరూ మళ్లీ రాలేదు.

కార్డు ఆటలకి చెల్లే ప్రైజుల పద్ధతిని మినియేచర్లకి తగిలించడమే కారణం. మ్యాజిక్ కార్డు ఆట వాళ్ల ఫ్రైడే నైట్ మ్యాజిక్ 2000లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ ఒక సాయంత్రంలో మూడు నాలుగు రౌండ్లు ఆడొచ్చు. ఒకటి ఓడినా గంటలో ఇంకోటి ఉంటుంది. చేతికి వచ్చే కార్డుల అదృష్టం కొత్తవాళ్లకీ అప్పుడప్పుడు కలిసొస్తుంది. మన దగ్గర ఆర్మీ పరిమాణాన్ని పాయింట్లలో లెక్కేస్తాం, 2000 పాయింట్ల 40కే ఆట ఒక్కటే మూడు గంటలు. అది ఓడితే ఆ వారం సాయంత్రమంతా ఓటమే. పైగా తను కట్టిన 10 డాలర్లు గెలిచినవాళ్ల చేతికి పోవడం కళ్లారా చూడాలి.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. పై స్థానాల్లో డబ్బు పెట్టగానే ఆటతీరే మారిపోతుంది. సరదాగా ఆడేవాళ్లు కూడా గెలుపు కోసమే ఏరి కూర్చిన ఆర్మీలు కట్టుకొస్తారు, అర అంగుళం దూరానికి వాదన పెట్టుకుంటారు. మనుషులు చెడ్డవాళ్లు కాదు, ప్రైజు వాళ్లని అటు నెట్టింది.

ఇప్పుడు మా లెక్క ఇది. ఎంట్రీ 5 డాలర్లు. పన్నెండు మంది వస్తే 60. అందులో అందరికీ తలా 3 డాలర్ల క్రెడిట్ తిరిగి ఇస్తాం, అది 36. మిగిలిన 24లో 12 ఆ రాత్రి అందంగా రంగులేసిన ఆర్మీకి, 12 'ఎవరితో ఆడితే హాయిగా అనిపించింది' అన్న ఓటుకి. గెలిచినవాళ్ల పేరు తెల్ల బోర్డు మీద ఉంటుంది, అంతే. మొదట్లో ఇద్దరు గొణిగారు. ఆ ఇద్దరూ ఇప్పటికీ వస్తున్నారు, ఎందుకంటే ఆడడానికి జనం ఉన్నారు.

ఒక జాగ్రత్త. లక్కీ డ్రా కోసం టికెట్లు అమ్మకండి. అమెరికాలో చాలా రాష్ట్రాలు డబ్బు తీసుకుని నడిపే రాఫిల్స్‌ని సేవా సంస్థలకే పరిమితం చేశాయి. స్టోర్ తనంతట తాను ఒక రంగు డబ్బా ఇచ్చి, పైసా తీసుకోకుండా హాజరైనవాళ్లలో చీటీ తీస్తే అది వేరే సంగతి. అయినా మీ రాష్ట్రంలో నిబంధన ఏమిటో స్టోర్ ఓనర్‌తో ముందే మాట్లాడుకోండి.

పోటీయే కావాలనేవాళ్లూ ఉంటారు, ఆ కోరిక న్యాయమైనదే. వాళ్ల కోసం మూడు నెలలకోసారి శనివారం టోర్నమెంట్ పెట్టండి, పెద్ద ప్రైజులు అక్కడ ఉంచండి. జోడీలు స్విస్ పద్ధతిలో వేయండి. 1895లో జ్యూరిక్ చదరంగం పోటీలో మొదలైన పద్ధతి అది. ఓడినవాళ్లు ఇంటికి పోరు, తమలా ఓడినవాళ్లతోనే తర్వాతి రౌండ్ ఆడతారు. ఎనిమిది మందికి మూడు రౌండ్లతో ఓటమి లేని ఒక్కరు తేలతారు. పదహారు మందికి నాలుగు కావాలి, కానీ 2000 పాయింట్ల ఆటలు ఒక్క రోజులో నాలుగంటే ఎవరికీ ఓపిక ఉండదు. మూడు రౌండ్లతోనే ఆపి, ఇద్దరు మిగిలితే ఆటల్లో తెచ్చుకున్న స్కోరుతో తేలుస్తామని ముందే చెప్పండి. 40కే తొమ్మిదో, పదో ఎడిషన్ల నియమాల్లో ఆట స్కోరు 100లో 10 పాయింట్లు రంగులేసిన ఆర్మీకే ఉండేవి. దాన్ని మీరూ పాటిస్తే బూడిద రంగు ప్లాస్టిక్ సైన్యాలు టేబుల్ మీద తగ్గుతాయి.

సమస్య: ప్రైజు ఇచ్చినా మొహంలో సంతోషం లేదు

ఒకసారి 40కేలో స్పేస్ మెరీన్ అనే ఆర్మీ బొమ్మల మంచి డబ్బా ప్రైజుగా పెట్టాం. గెలిచింది గుంటూరు నుంచి చదువుకోడానికి వచ్చిన కుర్రాడు, ఆడేది ఆర్క్స్ అనే వేరే ఆర్మీ. డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, నాకిది పనికిరాదు కదా, ఇంకెవరికైనా ఇచ్చెయ్" అన్నాడు. అతని తప్పేం లేదు. మ్యాజిక్ కార్డుల బూస్టర్ ప్యాకెట్ ఎవరికిచ్చినా చించి చూసుకుంటారు, కావాలంటే మార్చుకుంటారు. మినియేచర్ డబ్బా ఆ ఆర్మీ ఉన్నవాళ్లకే పనికొస్తుంది, ముక్కలు చేసి పంచడానికీ కుదరదు.

అందుకే ఏ ఆర్మీ వాళ్లకైనా అక్కరకొచ్చేవే పెట్టండి. రంగులు, సన్న బ్రష్‌లు, ప్రైమర్ స్ప్రే, సూపర్ గ్లూ, బేస్‌లు, డైస్, కొలత టేపు. లేదా స్టోర్ క్రెడిట్. ఓనర్‌కి సరుకు పడేది లేబుల్ ధర కన్నా తక్కువకే కాబట్టి, 10 డాలర్ల క్రెడిట్ ఇవ్వడం 10 డాలర్ల నగదు ఇచ్చినంత భారం కాదు. ఓనర్‌తో మాట్లాడేటప్పుడు ఈ మాట తప్పకుండా ఎత్తండి.

డబ్బుతో కొనలేని వస్తువుకి ఉండే ఆకర్షణ వేరు. స్టార్ వార్స్ అంతరిక్ష ఓడల ఆట ఎక్స్-వింగ్ మంచి రోజుల్లో స్టోర్లకి గేమ్ నైట్ కిట్లు వచ్చేవి. వాటిలో బొమ్మ మార్చిన కార్డులు, యాక్రిలిక్ టోకెన్లు ఉండేవి. ఒక్క కార్డు కోసం వర్షంలో కూడా వచ్చేవాళ్లు. మీరు ఆడే ఆటకి అలాంటి కిట్ ఉందేమో ఓనర్‌ని అడగండి. దొరికితే అందులో ఎక్కువ భాగం హాజరుకే పంచండి.

సమస్య: కొత్తవాళ్లు ఒక్కసారి వచ్చి మళ్లీ కనిపించరు

వాళ్ల మొదటి ఆట ఎవరితో పడిందో నోట్‌బుక్‌లో చూడండి. టోర్నమెంట్‌కి సాధన చేసుకుంటున్న వాళ్లతో పడితే, రెండో రౌండ్‌కే సగం ఆర్మీ పోయి ఉంటుంది. నెలల తరబడి రంగులేసిన బొమ్మల్ని తీసి పెట్టెలో పెట్టేసుకోవడం ఎంత కష్టంగా ఉంటుందో పాతవాళ్లం మర్చిపోతాం.

మొదటి నాలుగు వారాలు వాళ్ల జోడీలు మీరే వేయండి. ఆట చిన్నది పెట్టండి. కిల్ టీమ్‌కి 30 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు బోర్డు, పదిమంది లోపో కాస్త ఎక్కువో బొమ్మలు చాలు. ఆర్మీ లేకపోతే అరువివ్వడానికి స్టోర్‌లో రెండు సిద్ధంగా ఉంచండి. మా కొత్తవాళ్లని బాగా నిలబెట్టింది మాత్రం స్లో గ్రో లీగ్, అంటే ఆర్మీని నెలనెలా కొంచెం కొంచెం పెంచుకుంటూ ఆడడం. మొదటి నెల 500 పాయింట్లు, తర్వాత 750, ఆపైన 1000. పాతవాళ్లు కూడా కొత్త ఆర్మీతో సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఆ నెల కోటా రంగులేసి తెచ్చినవాళ్లకల్లా ఒక రంగు డబ్బా. గెలుపోటములతో పని లేదు. ఇంట్లో పిల్లల్ని పడుకోబెట్టాక అరగంట బ్రష్ పట్టుకునేవాళ్లకి ఈ ప్రైజు అందుతుంది, అందుకే అది పనిచేస్తుంది.

సమస్య: వస్తామంటారు, రారు

ఎక్కువసార్లు దీనికి గడియారమే కారణం. ఆఫీసు అయ్యి, ట్రాఫిక్ దాటి స్టోర్ చేరేసరికి ఆరున్నర. 44 అంగుళాలకి 60 అంగుళాల టేబుల్ మీద టెర్రైన్ (యుద్ధభూమిలోని గోడలు, భవనాల నమూనాలు) సర్ది, ఆర్మీలు దించేసరికి ఏడు దాటుతుంది. పదింటికి స్టోర్ మూసేస్తారు. ఐదు రౌండ్ల ఆటలో మూడో రౌండ్‌లో ఉండగానే లైట్లు ఆర్పడం మొదలవుతుంది. వరుసగా రెండు వారాలు అలా ఆగిపోతే మూడో వారం టెన్షన్ ఎందుకని ఇంట్లోనే ఉండిపోతారు. వారం మధ్యలో 1000 పాయింట్లకి మించి పెట్టకండి. టెర్రైన్ మీరు ముందే వచ్చి సర్దండి.

రోజు ఎంపిక కూడా ముఖ్యమే. శుక్రవారం టేబుళ్లన్నీ మ్యాజిక్ వాళ్లవి. పైగా టెక్సస్‌లో ఆగస్టు చివరి నుంచి శుక్రవారం రాత్రి అంటే హైస్కూల్ ఫుట్‌బాల్, ఊరంతా స్టేడియంలోనే. మన తెలుగువాళ్లకి శనివారాలు పిల్లల క్లాసులకీ, బతుకమ్మ, దసరా రోజుల్లో వేడుకలకీ పోతాయి. మంగళవారం మాకు అలా కుదిరింది. ఎంచుకున్నాక మాత్రం నలుగురే వచ్చినా రద్దు చేయొద్దు. ఒక్క వారం తలుపు మూసి కనిపిస్తే, తర్వాతి వారం బయల్దేరే ముందు ప్రతి ఒక్కరూ 'ఉందో లేదో' అనుకుంటారు.

సమస్య: ఏడుగురు వచ్చారు, ఒకరికి జోడీ లేదు

నిర్వహించేవాళ్లు తమ ఆర్మీ తెచ్చుకోవాలి. బేసి పడితే ఆడాలి, సరి పడితే తప్పుకోవాలి. గంట దూరం నుంచి వచ్చిన మనిషిని ఖాళీగా కూర్చోబెట్టకూడదు.

సమస్య: ఆటే ఆగిపోయింది

ఎక్స్-వింగ్, ఇంకో స్టార్ వార్స్ ఓడల ఆట ఆర్మడా, ఈ రెంటినీ ఇక ముందుకు తీసుకెళ్లబోమని వాటి ప్రచురణకర్త అటామిక్ మాస్ గేమ్స్ 2024లో ప్రకటించింది. ఇలాంటప్పుడు జనం తగ్గితే ప్రైజులు పెంచి లాభం లేదు. నెలలో ఒక మంగళవారం పాత ఆటకి ఉంచండి, మిగతా వారాల్లో అదే మనుషులకి దగ్గరగా ఉండే ఇంకో ఆట నేర్పండి. ఓడలు ఎగరేసినవాళ్లలో కొందరు మా దగ్గర క్రైసిస్ ప్రోటోకాల్‌కి మారారు. అదే మూడడుగుల చదరపు మ్యాట్ సరిపోయింది, కొత్త ఖర్చు తగ్గింది.

సమస్య: టేబుళ్లు నిండాయి, ఓనర్ మాత్రం సంతోషంగా లేరు

ఆమె వైపు నుంచి చూడండి. కార్డులాడే ఆరుగురు పట్టే చోట మన ఇద్దరే కూర్చుంటాం, మూడు గంటలు. అందుకే ఎంట్రీ డబ్బంతా క్రెడిట్‌గా ఆ స్టోర్‌లోనే ఖర్చయ్యేలా పెట్టాం. ఎక్కడో చవకగా కొన్న డబ్బాని ఇక్కడి టేబుల్ మీద విప్పవద్దని మావాళ్లకి చెప్పాను, అందరూ పాటిస్తున్నారు. కొత్త సరుకుకి ముందస్తు ఆర్డర్లు నేనే రాసుకుని ఆమెకి ఇస్తాను. రాత్రి వెళ్లేముందు కుర్చీలు సర్ది, టెర్రైన్ డబ్బాల్లో పెట్టి, ఆ వారం ఎందరు వచ్చారో, ఎంత క్రెడిట్ ఖర్చయిందో ఒక కాగితం మీద రాసి కౌంటర్ దగ్గర పెడతాం. ఈ ఏడాది మొదట్లో ఆమె తనంతట తానే మాకు నాలుగో టేబుల్ ఇచ్చారు.