డీఓ సీటుకు దరఖాస్తు: ఏఏకామాస్‌లో ముందు కదల్చాల్సినవి ఏమిటి?

అమెరికాలో వైద్యవృత్తికి తీసుకెళ్లే డిగ్రీలు రెండు. ఒకటి ఎండీ, రెండోది డీఓ, అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. రెండూ నాలుగేళ్ల చదువులే, రెండింటికీ ఆపైన రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో శిక్షణ, తప్పదు. మందులు రాయడానికైనా శస్త్రచికిత్స చేయడానికైనా 50 రాష్ట్రాల్లోనూ ఇద్దరికీ ఒకే హక్కు. రెసిడెన్సీలకు గుర్తింపునిచ్చే వ్యవస్థ కూడా 2020 నుంచి ఒక్కటే అయింది. కండరాలను, కీళ్లను చేతులతో పరీక్షించి సరిచేసే పద్ధతిని డీఓ విద్యార్థి అదనంగా నేర్చుకుంటాడు. దానికి సుమారు 200 గంటల శిక్షణ ఉంటుంది. ఈ సంప్రదాయానికి ఆద్యుడైన ఆండ్రూ టేలర్ స్టిల్ 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో తొలి కళాశాల తెరిచాడు. నేడు అమెరికాలో వైద్యం చదువుతున్న ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు డీఓ విద్యార్థే. బ్రిటన్‌లో ఆస్టియోపాత్‌గా పనిచేసేవారి చదువు వేరు, వారు వైద్యులు కారు. బంధువుల్లో ఎవరైనా ఆ రెండింటినీ కలిపి పెదవి విరిస్తే ఈ తేడా చెబితే చాలు.

ఈ కళాశాలల దరఖాస్తులన్నీ ఒకే చోట స్వీకరించే సేవ పేరు ఏఏకామాస్. ఆస్టియోపతిక్ కళాశాలల సంఘం ఏఏకామ్ దీన్ని నడుపుతుంది. ఒకసారి నింపి, కావలసిన కళాశాలలను ఎంచుకుంటే అన్నింటికీ అదే వెళుతుంది. టెక్సస్‌లోని వైద్య కళాశాలల్లో చాలావాటికి టీఎండీఎస్ఏఎస్ అనే రాష్ట్ర సేవ వేరుగా ఉంది. ఫోర్ట్‌వర్త్‌లోని టెక్సస్ కాలేజ్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్ వంటివాటిపై మనసుంటే ఏ దారిన దరఖాస్తు చేయాలో ఆ కళాశాల పేజీలోనే చూసుకోండి. డల్లాస్, హ్యూస్టన్ పరిసరాల మన పిల్లల్లో చాలామంది రెండు సేవల్లోనూ నింపుతారు. ఎండీ కళాశాలల దరఖాస్తు సేవ ఆమ్‌క్యాస్ కూడా తోడైతే మూడు దరఖాస్తులు.

దాదాపు అందరూ దరఖాస్తులో తమ గురించి రాసే వ్యాసంతో మొదలుపెడతారు. వేసవంతా దాన్నే చెక్కుతూ కూర్చుంటారు. నా ఉద్దేశంలో అది తలకిందుల పద్ధతి. ఈ దరఖాస్తు ఆలస్యమయ్యేది మీరు రాసేవాటి వల్ల కాదు, ఇతరులు పంపాల్సినవాటి వల్ల. ట్రాన్‌స్క్రిప్టులు (కోర్సులు, గ్రేడ్ల అధికారిక పత్రాలు) కళాశాల నుంచి రావాలి, సిఫారసు లేఖలు ఆచార్యుల నుంచి, డాక్టర్ల నుంచి రావాలి, వైద్య ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ స్కోరు దాన్ని నిర్వహించే ఏఏఎంసీ నుంచి రావాలి. వాటిని ముందు కదిలించి, అవి వచ్చేలోగా వ్యాసం రాసుకోవాలి.

తొందర దేనికంటే, ఈ సీట్లు వచ్చినవి వచ్చినట్టే నిండిపోతాయి. కళాశాలలు ఇంటర్వ్యూ చేసిన కొద్దీ సీట్లు ఇస్తూ పోతాయి. అధికారిక గడువు కొన్నింటికి శీతాకాలం దాకా, కొన్నింటికి వసంతం దాకా ఉంటుంది. దాన్ని నమ్ముకుని ఫిబ్రవరిలో పంపిన దరఖాస్తు చాలా చోట్ల వెయిటింగ్ లిస్టు కోసం పోటీపడుతుంది.

క్యాలెండర్

తరగతులు మొదలయ్యే ఏడాదికి ముందటి ఏడాది మే మొదట్లో ఏఏకామాస్ తెరుచుకుంటుంది. 2027 ఆగస్టులో చేరాలంటే 2026 మే అన్నమాట. జూన్ నుంచి పరిశీలన పూర్తయిన దరఖాస్తులు కళాశాలలకు చేరతాయి. ఎంక్యాట్ జనవరి నుంచి సెప్టెంబరు వరకు విడతలుగా జరుగుతుంది, ఫలితానికి నెల పైన పడుతుంది. అందుకే ఏప్రిల్‌లోపు రాసేవారికి హాయి. మే చివర రాసినా ఫర్వాలేదు, ఆగస్టులో రాస్తే మాత్రం వరుసలో వెనకబడినట్టే.

ఎంక్యాట్ స్కోరు 472 నుంచి 528 మధ్య ఉంటుంది. డీఓ కళాశాలల్లో చేరేవారి సగటు 504కు అటూ ఇటూగా, గ్రేడ్ల సగటైన జీపీఏ 3.6 దరిదాపుల్లో ఉంటుంది. సగటు అన్నాక దానికి కిందా మీదా చాలామంది ఉంటారు కాబట్టి 500 వచ్చిందని ఊరుకోనక్కరలేదు, 512 వచ్చిందని నిశ్చింతగానూ ఉండనక్కరలేదు.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఏఏఎంసీ తన సొంత సేవ ఆమ్‌క్యాస్‌కు ఎంక్యాట్ స్కోరును తానే పంపుకుంటుంది, ఏఏకామాస్‌కు పంపదు. మీరే ఏఏఎంసీ స్కోర్ల పేజీలోకి వెళ్లి, గ్రహీతల్లో ఏఏకామాస్‌ను ఎంచి విడుదల చేయాలి. దీనికి రుసుం లేదు, రెండు నిమిషాల పని. పరీక్ష మళ్లీ రాస్తే మళ్లీ విడుదల చేయాలి. దరఖాస్తులో స్కోరు చేత్తో నింపినంత మాత్రాన అది వెళ్లినట్టు కాదు.

ట్రాన్‌స్క్రిప్టుల దగ్గర కూర్చోండి

దరఖాస్తు నాలుగు భాగాలుగా ఉంటుంది: వ్యక్తిగత సమాచారం, చదువు చరిత్ర, అనుబంధ సమాచారం, ఒక్కో కళాశాల విడిగా అడిగేవి. రెండోదే అసలు శ్రమ.

మీరు కళాశాల స్థాయి కోర్సు చదివిన ప్రతి చోటునూ చూపించాలి. ఒక్క కోర్సు చదివినా సరే. హైస్కూల్లో ఉండగా డ్యూయల్ క్రెడిట్ కింద పక్కనున్న కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న ఇంగ్లిష్, చరిత్ర, ప్రభుత్వశాస్త్రం కోర్సులు చాలామందికి గుర్తే ఉండవు. అవి తర్వాతి విశ్వవిద్యాలయపు ట్రాన్‌స్క్రిప్టులో బదిలీ క్రెడిట్లుగా కనిపిస్తాయి కదా అనుకుంటారు. ఏఏకామాస్ ఆ లెక్క ఒప్పుకోదు. ఆ కమ్యూనిటీ కాలేజీ ట్రాన్‌స్క్రిప్టు విడిగా రావాలి, ఆ కోర్సులు ఆ కాలేజీ పేరు కిందనే నమోదు కావాలి. వేసవి సెలవుల్లో మరో ఊళ్లో తీసుకున్న ఆర్గానిక్ కెమిస్ట్రీకీ ఇదే నియమం.

ట్రాన్‌స్క్రిప్టు తెప్పించే ముందు ఏఏకామాస్‌లో మీ పేరు, గుర్తింపు సంఖ్య ఉన్న అభ్యర్థన పత్రం తీసుకోండి. దాన్ని జతచేసి రిజిస్ట్రార్ నుంచి నేరుగా ఏఏకామాస్‌కు పంపించాలి. మీ చేతికి వచ్చిన ప్రతిని మీరు పంపితే చెల్లదు. కళాశాలలో బకాయి ఏమైనా ఉంటే, గ్రంథాలయం జరిమానా అయినా సరే, ట్రాన్‌స్క్రిప్టు ఆగిపోవచ్చు. అది ముందు తీర్చేయండి.

ఆ తర్వాత మీ కోసం తెప్పించుకున్న అనధికార ప్రతిని ముందు పెట్టుకుని కోర్సులు ఒక్కొక్కటిగా ఎక్కించాలి. కోర్సు సంకేతం, శీర్షిక, క్రెడిట్లు, గ్రేడు అన్నీ ట్రాన్‌స్క్రిప్టులో ఉన్నట్టే ఉండాలి. ల్యాబ్ విడిగా ఉంటే విడిగానే రాయాలి. మధ్యలో మానేసిన కోర్సు, దాని ఎదురుగా ఉన్న డబ్ల్యూ, హైస్కూల్లో రాసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షతో వచ్చిన క్రెడిట్లు, ఏదీ వదలకూడదు. కోర్సు ఏ శాస్త్రం కిందికి వస్తుందో కూడా మీరే ఎంచాలి. సైన్సు జీపీఏను విడిగా లెక్కించేది దాన్ని బట్టే. తప్పులు ఎక్కువైతే దరఖాస్తును సరిదిద్దమని వెనక్కి పంపుతారు, మళ్లీ వరుస చివర నిలబడాలి. ఓపిక లేనివారికి రుసుం తీసుకుని కోర్సులు ఎక్కించిపెట్టే సదుపాయం ఏఏకామాస్‌లోనే ఉంది, కానీ ఎక్కించినవాటిని చివరికి మీరు సరిచూసుకోక తప్పదు.

తిరిగి చదివిన కోర్సుల గురించి పాత సలహాలు ఇంకా చలామణీలో ఉన్నాయి. కొత్త గ్రేడు వస్తే పాతది కొట్టేస్తారన్నది ఒకప్పటి మాట. 2017 మే నుంచి ఏఏకామాస్ రెండింటినీ లెక్కలోకి తీసుకుంటోంది. సి వచ్చిన కోర్సు మళ్లీ చదవడం వృథా అనను, కానీ జీపీఏ ఒక్కసారిగా లేస్తుందని మాత్రం అనుకోకండి.

పేర్ల సంగతి మన వాళ్లకు ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, కళాశాల రికార్డులో మరో చోట, ఎక్కడో ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఉంటుంది. ఎంక్యాట్ నమోదులో పేరు గుర్తింపు కార్డుతో సరిపోకపోతే పరీక్ష గదిలోకే రానివ్వరు. ఏఏకామాస్‌లో ఇతర పేర్లకు చోటుంది. ఏ పత్రంలో ఏ రూపం ఉందో అన్నీ అక్కడ ఇవ్వండి, లేకపోతే మీ ట్రాన్‌స్క్రిప్టు వచ్చి కూడా మీ ఖాతాకు కలవకుండా ఉండిపోతుంది.

రుసుము కట్టి, ట్రాన్‌స్క్రిప్టులన్నీ చేరాక పరిశీలన మొదలవుతుంది. వేసవి రద్దీలో దానికి వారాలు పడుతుంది. లేఖల కోసం, ఎంక్యాట్ కోసం అది ఆగదు. అందుకే అవి రాకముందే దరఖాస్తు పంపేయవచ్చు, పంపేయాలి కూడా.

లేఖలు

చాలా కళాశాలలు ఇద్దరు సైన్సు ఆచార్యుల లేఖలు, ఒక వైద్యుడి లేఖ అడుగుతాయి. ఆ వైద్యుడు డీఓ అయి ఉండాలని కొన్ని పట్టుబడతాయి, మరికొన్ని డీఓ అయితే మేలంటాయి. మన కుటుంబాల పరిచయాల్లో ఎండీలకు కొదవ ఉండదు, డీఓలు మాత్రం దొరకరు. అమెరికన్ ఆస్టియోపతిక్ అసోసియేషన్ వెబ్‌సైటులో ఊరి పేరు కొడితే దగ్గర్లోని డీఓలు కనిపిస్తారు. ఫ్యామిలీ మెడిసిన్ క్లినిక్కులకు ఫోను చేసి, వారి వెంట ఉండి పని చూసే అవకాశం అడగండి. పది చోట్ల కాదంటారు, పదకొండో చోట రమ్మంటారు. ఇది దరఖాస్తుకు ఏడాది ముందే జరగాలి. రెండు పూటలు చూసిన డాక్టరు మీ గురించి రాయగలిగింది ఏమీ ఉండదు.

బంధువుల లేఖ, బాబాయి వరసయ్యే కార్డియాలజిస్టుదైనా, వద్దు. లేఖను చూసే హక్కు వదులుకుంటున్నట్టు టిక్కు పెట్టడం ఆనవాయితీ. అలా పెట్టని లేఖకు విలువ తగ్గుతుంది. లేఖ రాసేవారికి ఏఏకామాస్ నుంచి ఈమెయిల్ వెళుతుంది, అది స్పామ్‌లో పడుతుంది. పంపిన రోజే వారికి ఒక మాట చెప్పండి.

వ్యాసం, అనుభవాలు

వ్యాసానికి హద్దు ఖాళీలతో కలిపి 5,300 అక్షరాలు. పంపాక మార్చలేరు. ఉద్యోగం, సేవ వంటి ఒక్కో అనుభవానికి 600 అక్షరాలు, వారానికి ఎన్ని గంటలు, మొత్తం ఎన్ని గంటలు అన్న లెక్క, పైఅధికారి వివరాలు కావాలి. పంపాక కొత్త అనుభవాలు చేర్చవచ్చు, పాతవి దిద్దలేరు.

ఆమ్‌క్యాస్‌కు రాసిన వ్యాసంలో ఎండీ తీసి డీఓ పెట్టి పంపేవారు ఉన్నారు. చదివేవారికి అది రెండో పేరాలోనే తెలిసిపోతుంది. డీఓ ఎందుకన్న ప్రశ్న వ్యాసంలో తప్పినా కళాశాల విడిగా పంపే రెండో దరఖాస్తు, అంటే సెకండరీలో వస్తుంది, ఇంటర్వ్యూలో మళ్లీ వస్తుంది. 'మనిషిని మొత్తంగా చూసే వైద్యం' అన్న మాట అందరూ రాస్తారు. దానికి బదులు నడుంనొప్పితో వచ్చిన రోగిని డీఓ బల్లపై పడుకోబెట్టి ఏ వైపు కాలు ఎత్తించి చూశారో, మందు ఎందుకు రాయలేదో మీరు చూసింది చెప్పండి. చూడకపోతే చెప్పలేరు, వెంట ఉండి చూడటం అవసరమన్నది అందుకే.

డబ్బు

ఏఏకామాస్‌లో మొదటి కళాశాలకు 200 డాలర్ల వరకు, ఆపైన ఒక్కోదానికి 50, 60 డాలర్లు అవుతుంది. కచ్చితమైన అంకె ఏటా మారుతుంది కాబట్టి పేజీలో చూసుకోండి. దరఖాస్తు చేరాక కళాశాలలు పంపే సెకండరీలకు ఒక్కోదానికి మళ్లీ రుసుము. పదిహేను కళాశాలలు ఎంచినవారికి ఇంటర్వ్యూకు ముందే రెండు వేల డాలర్లు అవడం మామూలే. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు రుసుము మినహాయింపు ఉంది. దాన్ని దరఖాస్తు పంపకముందే అడగాలి. సెకండరీ వచ్చిన రెండు వారాల్లో తిరిగి పంపడం మంచి పద్ధతి.

ఫీజుల సంగతికి వస్తే, మిషిగన్ స్టేట్, ఒక్లహోమా స్టేట్, వెస్ట్ వర్జీనియా వంటి ప్రభుత్వ కళాశాలల్లో సొంత రాష్ట్రం వారికి ఊరట ఉంటుంది. ప్రైవేటువి చాలావరకు ఏడాదికి 50 వేల డాలర్లు దాటాయి. ఫెడరల్ అప్పుల నియమాలూ మారాయి. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి, పూర్తి ఖర్చుకు సరిపడా ఇచ్చే గ్రాడ్ ప్లస్ అప్పు లేదు, వైద్య విద్యార్థికి ఏడాదికి 50 వేలు, మొత్తం రెండు లక్షల డాలర్ల పరిమితి. మిగతాది ఎక్కడి నుంచి తెస్తారో కళాశాలలు ఎంచుకునేటప్పుడే లెక్క వేసుకోవాలి.

వీసాలో ఉన్నవారు, భారత్‌లో చదివినవారు

గ్రీన్‌కార్డు ఉంటే పౌరుల వరుసే. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ వీసా), ఎఫ్1 (విద్యార్థి వీసా)లో ఉన్నవారిని కొన్ని కళాశాలలే తీసుకుంటాయి. ఏఏకామ్ నడిపే చూజ్ డీఓ ఎక్స్‌ప్లోరర్‌లో ఏ కళాశాల తీసుకుంటుందో చూసి, ఆపైన అడ్మిషన్ల కార్యాలయానికి ఈమెయిల్ రాసి రాతపూర్వకంగా ధ్రువీకరించుకోండి. హెచ్4 పిల్లలకు 21 నిండితే ఆ హోదా పోతుంది. చదువు మధ్యలో ఎఫ్1కు మారాల్సి వస్తుందని ముందే ప్రణాళిక వేసుకోవాలి. వీరికి ఫెడరల్ అప్పు దొరకదు. ఒక ఏడాది ఖర్చు, కొన్ని చోట్ల అంతకు మించి, చేతిలో ఉన్నట్టు చూపమంటారు.

భారత్‌లో డిగ్రీ చేసి వచ్చినవారు విదేశీ చదువులను మదింపు చేసే డబ్ల్యూఈఎస్ లేదా ఈసీఈ వంటి సంస్థతో కోర్సులవారీ మూల్యాంకనం చేయించి అది నేరుగా ఏఏకామాస్‌కు వెళ్లేలా చూడాలి. అసలు అడ్డంకి అది కాదు. డీఓ కళాశాలలు సాధారణంగా అమెరికా కళాశాలల్లో 90 సెమిస్టర్ క్రెడిట్లు గానీ డిగ్రీకి కావలసినవాటిలో 75 శాతం గానీ అడుగుతాయి. హైదరాబాదులో బీటెక్, ఇక్కడ ఎంఎస్ చేసినంత మాత్రాన సరిపోదు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, ఆర్గానిక్, భౌతికశాస్త్రం ల్యాబులతో సహా ఇక్కడ చదవాల్సి ఉంటుంది. ఎంబీబీఎస్ చేసి వచ్చినవారికి ఈ దారి మామూలుగా అక్కరలేదు. వారిది విదేశాల్లో వైద్యం చదివినవారికిచ్చే ఈసీఎఫ్ఎంజీ ధ్రువీకరణ, ఆపైన రెసిడెన్సీ దారి.

సీటు వచ్చాక

ఇంటర్వ్యూలు ఆగస్టు చివర మొదలై వసంతం వరకు సాగుతాయి. సీటు ఇచ్చిన కళాశాల డిపాజిట్ అడుగుతుంది. అది వెయ్యి డాలర్ల నుంచి రెండు, మూడు వేల వరకు ఉంటుంది, సాధారణంగా తిరిగి రాదు. ఇంటర్వ్యూల మొదట్లో వచ్చిన సీటుకు గడువు ఎక్కువగా, వేసవి దగ్గర పడేకొద్దీ తక్కువగా ఇస్తారు. రెండో చోట మేలైన సీటు వస్తే మొదటిదాన్ని వెంటనే వదులుకున్నట్టు రాసి పంపండి, వెయిటింగ్ లిస్టులో ఉన్న మరొకరికి అది చేరుతుంది. చివరి సెమిస్టర్ ట్రాన్‌స్క్రిప్టు, టీకాల రికార్డు, నేపథ్య తనిఖీ ఆ తర్వాత అడుగుతారు. హెపటైటిస్ బి టీకాల వరుస పూర్తవడానికి నెలలు పడుతుంది కాబట్టి చిన్ననాటి టీకాల కాగితాలు భారత్‌లో ఎక్కడున్నాయో ఇంట్లో ఇప్పుడే వెతికించండి. తరగతులు చాలా చోట్ల జూలై చివరికో ఆగస్టు మొదటికో మొదలవుతాయి.