ఆంప్లిఫైయర్ కిట్‌లో హమ్ రాకుండా పవర్ సప్లై, గ్రౌండ్ వైరింగ్

ఎల్‌ఎం1875 అనే ఆడియో పవర్ ఐసీలతో స్టీరియో ఆంప్లిఫైయర్ కట్టాక పాట ఆపినా స్పీకర్ గుయ్‌మంటుంటే (దీన్నే హమ్ అంటారు) చాలామంది ముందు ఐసీ మారుస్తారు, తర్వాత ఇంకా పెద్ద కెపాసిటర్ వేస్తారు. బోర్డులో తప్పుండటం అరుదు. గ్రౌండ్ తీగ ఏ చోట నుంచి తీశారన్నదే చూడాలి.

ముందు ట్రాన్స్‌ఫార్మర్. షాపులో 18-0-18 (మధ్య తీగకు అటూ ఇటూ 18 వోల్టుల ఏసీ) ఇస్తామంటారు. ఈ ఐసీ తట్టుకునేది ప్లస్ నుంచి మైనస్ దాకా మొత్తం 60 వోల్టులే. లోడు లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పది శాతం ఎక్కువ ఇస్తుంది. రాత్రిపూట కరెంటు 250 వోల్టులకు చేరితే 18-0-18 ఒక్కో వైపు 30 దగ్గరకు పోతుంది. అందుకే 15-0-15, 3 ఆంప్స్ తీసుకోండి. ఏసీ డీసీగా మారి కెపాసిటర్లలో నిండితే వోల్టేజీ 1.414 రెట్లవుతుంది: 15ని 1.414తో గుణిస్తే 21.2 వస్తుంది. డయోడ్‌లో దాదాపు ఒక వోల్టు పోగా ఒక్కో వైపు 20 మిగులుతుంది. 8 ఓమ్ స్పీకర్లకు అది చాలు. టీడీఏ2030 కిట్ అయితే ఇంకా జాగ్రత్త: దాని హద్దు ఒక్కో వైపు 18 వోల్టులే కాబట్టి 12-0-12 కూడా అంచున ఉన్నట్టే.

ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (గోడ కరెంటు వచ్చే వైపు) 1 ఆంప్ స్లో-బ్లో ఫ్యూజు, ఫేజు తీగలోనే పెట్టాలి. బ్రిడ్జ్ (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల ముక్క) 25 ఆంప్స్ లోహపు రకం, చాసిస్‌కు, అంటే లోహపు పెట్టెకు, బోల్టు వేసి బిగించాలి. ఒక్కో వైపు 4700 మైక్రోఫారడ్, 50 వోల్టుల కెపాసిటర్లు రెండేసి. రెండు చానెళ్లూ గట్టిగా వాయిస్తే ఒక్కో వైపు సగటున 1.35 ఆంప్స్ లాగుతాయి. ఒక్క 4700 ఉంటే రిపుల్ (డీసీలో మిగిలే ఎగుడుదిగుడు) దాదాపు 3 వోల్టులు, రెండుంటే 1.4. ప్రతి వైపూ కెపాసిటర్లకు అడ్డంగా 2.2 కిలో ఓమ్, 1 వాట్ రెసిస్టర్ వేయండి. స్విచ్ ఆపాక ఒక నిమిషంలో చార్జి దిగిపోతుంది.

ఇక గ్రౌండ్. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ, ప్లస్ వైపు కెపాసిటర్ల మైనస్ కాళ్లు, మైనస్ వైపు కెపాసిటర్ల ప్లస్ కాళ్లు ఒకచోట కలుస్తాయి. ఆ జాయింట్ గుండా కెపాసిటర్లు చార్జయ్యే కరెంటు సెకనుకు 100 సార్లు దెబ్బలు దెబ్బలుగా పోతుంది. ఒక్కో దెబ్బ 10 ఆంప్స్ దాకా ఉండొచ్చు. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ 10 సెంటీమీటర్ల ముక్కకు 3.4 మిల్లీఓమ్ రెసిస్టెన్స్ ఉంటుంది. దాని మీద 10 ఆంప్స్ పోతే 34 మిల్లీవోల్టులు పుడతాయి. ఇన్‌పుట్ గ్రౌండ్ ఆ ముక్క మీద ఎక్కడ తగిలించినా ఆంప్లిఫైయర్ దాన్ని 20 రెట్లు పెంచి స్పీకర్‌కు పంపుతుంది. అంటే 0.7 వోల్టు దాకా. మీకు వినిపించే బజ్ అదే.

కాబట్టి ఆ జాయింట్‌లో ఏ బోర్డునూ కలపకండి. అక్కడి నుంచి 4-5 సెంటీమీటర్ల లావు తీగ ఒక్కటి పక్కనున్న బోల్టుకు లాగండి. అదే స్టార్ గ్రౌండ్. ఎడమ బోర్డు గ్రౌండ్, కుడి బోర్డు గ్రౌండ్, రెండు స్పీకర్ల మైనస్‌లు, నాలుగూ విడివిడి తీగలతో ఆ బోల్టుకే రావాలి. ఇన్‌పుట్ గ్రౌండ్ మాత్రం రాకూడదు. అది షీల్డ్ తీగ ద్వారా జాక్ నుంచి నేరుగా బోర్డుకు పోతుంది. బోర్డు మీద ఇన్‌పుట్ గ్రౌండ్‌కూ పవర్ గ్రౌండ్‌కూ మధ్య 10 ఓమ్ రెసిస్టర్ ఉందేమో చూడండి. జాక్ అంచు చాసిస్‌కు తగలకుండా ప్లాస్టిక్ వాషర్ వేయాలి.

గోడ నుంచి వచ్చే ఎర్త్ తీగ ప్రాణానికి సంబంధించినది. రంగు గీకి, పళ్ల వాషర్ పెట్టి, దానికంటూ వేరే బోల్టుతో చాసిస్‌కు బిగించండి. హమ్ పోతుందని మూడో పిన్ను విరవడం ఎన్నడూ చేయకండి. స్టార్‌నూ చాసిస్‌నూ వేరే 35 ఆంప్ బ్రిడ్జ్‌తో కలపండి: దాని ప్లస్, మైనస్ కాళ్లు రెండూ కలిపేసి, ఏసీ కాళ్లలో ఒకటి స్టార్‌కు, ఒకటి చాసిస్‌కు. ఆ రెండు ఏసీ కాళ్ల మధ్యే 10 ఓమ్, 5 వాట్ రెసిస్టర్. గ్రౌండ్ రెండు దారుల్లో కలిసినప్పుడు తిరిగే లూప్ కరెంటును రెసిస్టర్ అణిచేస్తుంది, షార్ట్ అయితే బ్రిడ్జ్ మోస్తుంది.

ఐసీ వెనక రేకు మైనస్ సప్లైకి కలిసే ఉంటుంది. మైకా ముక్క, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ వేసి బిగించాక రేకుకూ హీట్‌సింక్‌కూ మధ్య మీటర్ బీప్ వస్తే విప్పి మళ్లీ వేయండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఫేజులో సీరీస్‌గా 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టండి. ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. అలాగే వెలుగుతూ ఉంటే ఎక్కడో షార్ట్, లేదా కెపాసిటర్ తిరగబడింది. బోర్డులు కలపక ముందే రెండు వైపులా వోల్టేజీ సమానంగా ఉందో కొలవండి. కలిపాక స్పీకర్ పెట్టకుండా అవుట్‌పుట్‌లో డీసీ చూడండి: 50 మిల్లీవోల్టుల లోపుంటేనే స్పీకర్.

అప్పటికీ మోత వస్తే ఇన్‌పుట్ జాక్‌లో మధ్య పిన్నూ బయటి రింగూ కలిపిన ప్లగ్ గుచ్చండి. మోత ఆగితే లోపం బయట: చార్జర్‌లో ఉన్న లాప్‌టాప్ ఇన్‌పుట్‌కు తగిలి ఉంటే చార్జర్ తీసి చూడండి. ఆగకపోతే పెట్టె లోపలే. గరగరగా ఉంటే స్టార్ తీగ ఎక్కడి నుంచి మొదలైందో చూడండి, గరగర లేకుండా లోతుగా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇన్‌పుట్ తీగల నుంచి దూరంగా జరిపి, తిప్పి చూడండి.