పాత గేమ్ క్యాట్రిడ్జ్‌లో సేవ్ చెరిపే ముందు

చెరిపేశాక వెనక్కి రాదు, అందుకే ముందు గేమ్ ఆన్ చేసి ఆ సేవ్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకున్న రికార్డు) ఎవరిదో చూడండి. పేరు, ఆడిన గంటలు రెండూ. నేనొకసారి చూడకుండా చెరిపేశాను, అది మా తమ్ముడి సేవ్, వాడు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు.

– క్యాట్రిడ్జ్ రీడర్ (క్యాట్రిడ్జ్‌ని కంప్యూటర్‌కి కలిపే పరికరం) దొరికితే సేవ్‌ని కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి.

– పిన్నులకు మురికి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త తడిపిన కాటన్ బడ్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. నోటితో ఊదొద్దు, తేమ చేరి పిన్నులు పాడవుతాయి.

– గేమ్‌ని బట్టి చెరిపే పద్ధతి మారుతుంది. గేమ్ బాయ్‌లో (నింటెండో వాళ్ల చేతిలో పట్టుకునే గేమ్ మెషిన్) పోకెమాన్ రెడ్, బ్లూ అయితే టైటిల్ స్క్రీన్ మీద అప్, సెలెక్ట్, బి మూడూ కలిపి నొక్కితే డేటా చెరపాలా అని అడుగుతుంది, కర్సర్ మొదట నో మీదే ఉంటుంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. న్యూ గేమ్ మొదలుపెట్టినంత మాత్రాన పాతది పోదు, కొత్తగా సేవ్ చేసినప్పుడే పోతుంది.

– చెరుగుతున్నప్పుడు పవర్ ఆపొద్దు, ముందే గేమ్ మెషిన్‌లో కొత్త బ్యాటరీలు వేసుకోండి.

– క్యాట్రిడ్జ్ లోపల సేవ్‌ని నిలబెట్టే బ్యాటరీ పీకేస్తే సేవ్ పోతుంది కదా అని 3.8 మి.మీ. గేమ్‌బిట్ స్క్రూడ్రైవర్ (క్యాట్రిడ్జ్ స్క్రూలు విప్పే ప్రత్యేక స్క్రూడ్రైవర్) పట్టుకుని దిగిపోకండి. అది ఊరికే పెట్టిన సెల్ కాదు, లోహపు పలకలతో లోపలి సర్క్యూట్ బోర్డుకు సోల్డర్ చేసి (లోహం కరిగించి అతికించి) ఉంటుంది, గట్టిగా లాగితే బోర్డు మీది రాగి పొర లేచొస్తుంది.

– చెరిపేశాక చిన్న సేవ్ ఒకటి చేసి, ఆపి, మర్నాడు చూడండి. అది కూడా మాయమైతే క్యాట్రిడ్జ్ లోపలి బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు.