నాగమల్లిని విత్తనం నుంచి పెంచడం ఎలా?

శివాలయాల్లో లింగపు పువ్వు అనుకునే నాగమల్లి దక్షిణ అమెరికా చెట్టు. బ్రెజిల్ నట్ కూడా ఈ కుటుంబానిదే. గట్టి పెంకు కాయ, లోపల గుజ్జు, గుజ్జు నిండా గింజలు.

కావలసినవి: సుత్తి, బకెట్, జల్లెడ, 6×8 అంగుళాల పాలిథిన్ సంచులు. ఎర్రమన్ను, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి సంచులు నింపండి. ఇసుక పెన్నలాంటి ఏటిదే కావాలి. సముద్రపు ఇసుక వద్దే వద్దు, ఉప్పు ఉంటుంది.

చెట్టు మీది కాయ కోయకండి. పండి తనంతట రాలిందే తీసుకోండి. ఆరుబయట పగలగొట్టండి, కంపు భరించలేరు. గాలి తగలగానే గుజ్జు నీలి ఆకుపచ్చకు తిరుగుతుంది. కుళ్లిందని చాలామంది అక్కడే పారేస్తారు. కుళ్లలేదు, దాని రంగే అంత.

అసలు నాశనం చేసేది ఇక్కడే. బెండ, వంగ గింజల్లా దీన్ని చేటలో పోసి ఎండబెడతారు. ఈ గింజ లోపలి తడి పోతే చచ్చిపోతుంది. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా మొలవదు. అందుకే గుజ్జును ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున జల్లెడలో వేసి మెల్లగా రుద్దండి. నీళ్లు తేటపడేదాకా మార్చండి. గింజ మీద సన్నటి నూగు ఉంటుంది, దాన్ని గీకొద్దు. పైనీరు ఓడేంతసేపు నీడన ఉంచి, ఆ రోజే విత్తండి. కుదరకపోతే తడిగుడ్డలో చుట్టి ఒకటి రెండు రోజులు ఆపొచ్చు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి.

అర అంగుళం లోతు చాలు. లోతుగా గుచ్చితే మొలక పైకి రాకముందే కుళ్లుతుంది. నీడలో ఉంచి తేమ ఆరకుండా చూస్తే రెండు నుంచి నాలుగు వారాల్లో మొలుస్తుంది. తీరం వైపు బోరునీళ్లు ఉప్పగా ఉంటే కాలువ నీళ్లే పోయండి.

గాలి అంటు, అంటే చెట్టు మీదే కొమ్మకు వేర్లు పుట్టించి కోసి నాటేది, తొందరగా పూస్తుందని కొందరంటారు. దానికి తల్లివేరు ఉండదు. తుఫాన్లు వచ్చే నెల్లూరులో అలాంటి మొక్క ఎందుకు?

రెండడుగులు ఎదిగాక, అక్టోబరు వానలు పడగానే రెండడుగుల గుంతలో నాటి కర్ర కట్టండి. మేలో నాటితే ప్రకాశం జిల్లా వడగాలికి మాడుతుంది. ప్రదక్షిణ దారికి, గోడలకు, కార్లు ఆపే చోటుకు కనీసం ముప్పై అడుగుల దూరం ఉండాలి. తలకాయంత కాయ మీద పడితే ఇంకేముంది!

పెద్దదయ్యాక ఏడాదిలో ఒకటికి రెండుసార్లు ఆకులన్నీ రాల్చేస్తుంది. చచ్చిందని నరకకండి, కొద్ది రోజుల్లోనే చిగురిస్తుంది. మొదలు మీద పుట్టే చిక్కుచిక్కు కొమ్మలను ఎండుపుల్లలని కోసెయ్యకండి. పువ్వు వచ్చేది వాటికే.