స్పీకర్లలో ‘హూం’ మోత: ఎక్కడినుంచో పట్టుకోవడం ఇలా

పాట ఆపినా మోగుతోందంటే యాంప్లిఫయర్ ఆఫ్ చేసి, వెనకున్న ఆర్‌సీఏ వైర్లన్నీ (పాట తెచ్చే ఎరుపు-తెలుపు పిన్నుల వైర్లు) పీకి, మళ్లీ ఆన్ చేయండి. మోత అలాగే ఉంటే లోపం యాంప్లిఫయర్‌లోనే. 100 హెర్ట్జ్ గరగర అయితే చాలాసార్లు లోపల కరెంటు ఒడిదుడుకులు సరిచేసే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. అది మెకానిక్‌కే వదిలేయండి. ప్లగ్ తీసినా వాటిలో కరెంటు నిలిచే ఉంటుంది.

మోత పోయిందా? ఒక్కో వైరూ పెట్టి చూడండి, పెట్టే ముందు ప్రతిసారీ ఆఫ్ చేసి. మన ఇళ్లలో ఎక్కువగా పట్టుబడేది కేబుల్ టీవీ బాక్సే. కేబుల్‌లో మధ్య తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక వీధిలో ఒకచోట, మన ప్లగ్ ఇంకోచోట ఎర్త్ అవుతాయి. ఆ తేడాకి ఆర్‌సీఏ వైరు అల్లికలో కరెంటు పారి 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది. బాక్స్ వెనక కేబుల్ మర విప్పగానే నిశ్శబ్దమైతే, అక్కడ గాల్వానిక్ ఐసొలేటర్ (సిగ్నల్‌ని పోనిచ్చి, ఎర్త్ కలయికను తెంచే చిన్న పరికరం) బిగించండి. డిష్ వైరుకి మాత్రం పెట్టొద్దు, డిష్ ముందుండి సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీకి కరెంటు వెళ్లేది అందులోంచే.

లాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి చూడండి. మోత ఆగితే ఆర్‌సీఏ దారిలో 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపులా తీగలు నేరుగా కలవకుండా పాటను మాత్రం దాటించేది) పెట్టాలి.

ఎవరు చెప్పినా సరే, ప్లగ్‌లో లావు ఎర్త్ పిన్ను తీసేయకండి. మోత తగ్గొచ్చు, కానీ లోపల లీకైన రోజు ఇనప బాడీ ముట్టుకున్నవాళ్ల ప్రాణం పోతుంది.