పడిపోయిన మనిషి వెంట పరుగెత్తకండి: వేసవికి ముందు విషవాయువుల శిక్షణలో తీసుకోవలసిన జాగ్రత్తలు

2026 జనవరి 5న మలికిపురం మండలం ఇరుసుమండలో గ్యాస్ బావి దగ్గర గ్యాస్ ఎగదన్ని మంటలు లేచాయి. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. అప్పటినుంచి కోనసీమలోనూ భీమవరం వైపూ అగ్నిమాపక సిబ్బందికీ ఊరి యువకులకూ శిక్షణ ఇవ్వాలన్న మాట గట్టిగా వినిపిస్తోంది. మంచిదే. కానీ అందరి దృష్టీ ఆ మంట మీదే ఉంది. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ (బావి నుంచి గ్యాస్ అదుపు తప్పి ఎగదన్నడం) చూసిన నాటినుంచి మనకు ప్రమాదం అంటే ఆకాశాన్నంటే మంటే. మంట దూరంనుంచే హెచ్చరిస్తుంది, దానిలోకి ఎవరూ దూకరు. నాకు భయం మంట లేనివాటి గురించి. ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా, రొయ్యల ప్లాంటు వెనక మురుగు ట్యాంకు, మంచినీటి కేంద్రంలో క్లోరిన్ సిలిండరు. ఎండలు ముదిరితే ఐసు యంత్రాలు రాత్రింబగళ్లు తిరుగుతాయి, పైపుల్లో ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి ఈ మాటలు ఇప్పుడే చెప్పాలి.

2017 మార్చిలో మొగల్తూరు మండలంలోని ఒక రొయ్యల శుద్ధి కర్మాగారంలో ట్యాంకు శుభ్రం చేసే పనిలో విషవాయువు ఐదుగురు కార్మికులను బలి తీసుకుంది. ట్యాంకు మరణాలు చాలాసార్లు ఒకరితో ఆగవు. మొదటివాడు దిగి కుప్పకూలుతాడు. పైనున్నవాడు కళ్లు తిరిగి పడ్డాడనుకుని చెయ్యి అందించడానికి దిగుతాడు. మూడోవాడు తమ్ముడో బావమరిదో అయి ఉంటాడు, వాణ్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవారిలో సగానికి మించి రక్షించబోయినవారేనని అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1986లోనే హెచ్చరించింది. నేను చూసినంతలో కుటుంబాలకు కుటుంబాలను ముంచినది ఈ ఒక్క తప్పే: పడిపోయిన మనిషి వెంట పరుగెత్తడం. గ్యాసు పేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఈ తప్పు మాత్రం మారదు.

మన మాక్ డ్రిల్లులు ఈ తప్పునే నేర్పుతున్నాయి. షెడ్డు లోపల గడ్డిబొమ్మను పడుకోబెడతారు. బయట షామియానా కింద అధికారులు, సర్పంచి గారు కూర్చుంటారు. ఈల వేయగానే కుర్రవాళ్లు పరుగున వెళ్లి బొమ్మను లాక్కొస్తారు, ఎవరు ముందు తెస్తే వారికి చప్పట్లు. అలా అలవాటైన కాళ్లు అసలు రోజున గేటు దగ్గర ఆగుతాయా? ఈసారి మార్చండి. గేటు దగ్గర ఆగి, గాలి వాలు చూసి, లోపలున్నది ఏమిటో కనుక్కుని, గ్యాసు మీటరు పెట్టి, బీఏ సెట్టు (గాలి సిలిండరు, మాస్కు ఉండే శ్వాస పరికరం) తొడుక్కున్నాకనే అడుగు వేసిన జట్టుకు మార్కులివ్వండి. సెట్టు లేకుండా గీత దాటినవాణ్ని చనిపోయినవాడి కింద లెక్కవేసి, బొమ్మ పక్కనే పడుకోబెట్టండి. ఇప్పుడు మోయవలసినవారు ఇద్దరు, మోసేవారు ఒకరు తక్కువ. ఆ లెక్క ఉపన్యాసం కంటే బాగా ఎక్కుతుంది. ఒక డ్రిల్లులో బొమ్మను బయటికి తేవడం అసలు కుదరని పరిస్థితి కూడా పెట్టండి. కుర్రవాళ్లకు అది మింగుడుపడదు. శిక్షణలోనే మింగుడుపడాలి.

గాలి సంగతి

వేసవిలో డెల్టాలో పగలు గాలి సముద్రం మీదనుంచి వీస్తుంది, రాత్రి తిరగబడుతుంది. సాయంత్రం సరైన వైపు నిలిపిన ఫైరింజను తెల్లవారుజాముకు గ్యాసు దారిలో ఉండవచ్చు. కొబ్బరి మట్టల కొసలు చూసి గాలి తెలిసిందనుకోకండి. పైన మట్టలు ఊగుతున్నా తోటలో నేల దగ్గర గాలి ఆడదు, గ్యాసు అక్కడే కమ్ముకుని ఉంటుంది. మనిషి ఎత్తు కర్రకు రిబ్బను కట్టి చూడండి.

అమ్మోనియా గాలికంటే తేలిక అని పుస్తకంలో ఉంటుంది. అది వాయువు మాట. పైపు పగిలి ద్రవంగా చిమ్మినప్పుడు, మైనస్ 33 డిగ్రీల దగ్గర మరిగే ఆ చల్లదనానికి గాలిలోని తేమ కలిసి, తెల్లని మబ్బులా నేల మీదే పాకుతుంది. మన దగ్గర గాలిలో తేమకు కొదవ లేదు. క్లోరిన్ సంగతి చెప్పనక్కరలేదు, గాలికి రెండున్నర రెట్లు బరువు, పల్లం వెతుక్కుంటుంది.

నీళ్ల సంగతి

ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు. ఫైరింజను నీళ్లు ఎక్కడ తోడుకుంటుందో, ఏ చెరువు గట్టు బండి బరువు మోస్తుందో ఇప్పుడే చూసుకోండి. అమ్మోనియా మబ్బు మీద నీటి తెర పట్టవచ్చు, అది నీటిలో ఇట్టే కరుగుతుంది. మడుగుకట్టిన ద్రవం మీద మాత్రం ధార కొట్టకండి. నీటి వేడికి ద్రవం ఎగిసి మరిగి మబ్బు రెట్టింపవుతుంది. కారుతున్న క్లోరిన్ సిలిండరు మీదా నీళ్లు వద్దు. తడిసిన క్లోరిన్ ఇనుమును తినేస్తుంది, కన్నం పెద్దదవుతుంది. శిక్షణ, ఒళ్లంతా కప్పే రక్షణ సూట్లు ఉన్నవారు సిలిండరును కన్నం పైకి వచ్చేలా తిప్పాలి. అప్పుడు ద్రవం ఆగి వాయువే వస్తుంది.

మీరు కొట్టిన నీళ్లు ఎటు పోతాయి? బోదెలోకి (చిన్న కాలువలోకి), అక్కడినుంచి చేపల చెరువులోకో మంచినీటి చెరువులోకో. హోసు విప్పేముందు బోదె మూతికి ఇసుక బస్తాలు అడ్డం వేయించండి.

మిగిలినవి వరుసగా చెబుతాను, ఏదీ వదలకండి.

నాలుగు వాయువుల మీటరు ఆక్సిజన్, మండే వాయువు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ చూపుతుంది. క్లోరిన్‌ను చూపదు. అమ్మోనియాకు వేరే సెన్సరు ఉండాలి. మీటరు మోగలేదని లోపలికి నడవకండి.

ముక్కును నమ్మకండి. మురుగు ట్యాంకులోని హైడ్రోజన్ సల్ఫైడ్ ముదిరితే ముక్కునే మొద్దుబారుస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన పోయిందంటే గ్యాసు పోయినట్టు కాదు.

తడి గుడ్డ పారిపోయేవారికి. లోపలికి వెళ్లేవారికి కాదు.

ట్యాంకరు బోల్తాపడితే దగ్గరికి వెళ్లకుండా బోర్డు మీది నాలుగంకెల సంఖ్య చదవండి. 1005 అమ్మోనియా, 1017 క్లోరిన్, 1075 వంటగ్యాస్, 1203 పెట్రోలు. సంఖ్య తెలియకపోతే ముందుకు కదలవద్దు.

వంటగ్యాస్ ట్యాంకరును మంట చుట్టుముడితే అన్ని వైపులా 1,600 మీటర్లు ఖాళీ చేయించండి.

2014 జూన్‌లో కోనసీమలోని నగరం అనే ఊళ్లో పైపులైను గ్యాసు ఊరి మీద పరుచుకుని అంటుకుంది. ఇరవై మందికి పైగా పోయారు. గ్యాసు పరుచుకున్న చోటికి మీ ఫైరింజన్నూ పోనివ్వకండి, ఇంజనూ నిప్పే. స్విచ్చి వేయవద్దు, తీయవద్దు.

గట్టు రోడ్డు మీద బండి ముందుభాగం వెనుదిరిగే వైపు పెట్టి నిలపండి. పారిపోవలసి వస్తే తిప్పుకునే చోటు ఉండదు.

గడ్డంతో మాస్కు వద్దు. అంచు కరుచుకోదు, గ్యాసు లోపలికి వస్తుంది.

బీఏ సెట్టు సిలిండరు మీద రాసిన నిమిషాలను నమ్మకండి. ఎండలో సూటు వేసుకుని రొప్పుతూ పనిచేస్తే గాలి ఎంతో ముందే అయిపోతుంది. గాలి తగ్గిందని సెట్టు ఈల మోగేదాకా ఆగకండి, తిరుగుదారికి గాలి మిగిలి ఉండగానే వెనక్కి రండి.

చెమట పట్టిన చంకల్లో, గజ్జల్లో అమ్మోనియా ముందు కాలుస్తుంది. ముఖానికి సెట్టు ఉంటే చాలదు, ఒంటికి సూటు కావాలి.

ఇద్దరు లోపలికి వెళ్లాలంటే మరో ఇద్దరు బయట సెట్టు తొడుక్కుని సిద్ధంగా నిలబడాలి. నలుగురు లేరా, 112కు ఫోను చేసి ఆగండి. లోపల మీ అన్నే పడి ఉన్నా ఆగండి. పడిపోయిన మనిషి వెంట పరుగెత్తకండి. పరుగెత్తబోయే బంధువును పట్టుకోవడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి.

బయటికి తెచ్చిన మనిషి బట్టలు విప్పించి నీళ్లతో కడగనిదే అంబులెన్సు ఎక్కించకండి. తలుపులు మూసిన బండిలో ఆ బట్టల నుంచి వచ్చే ఆవిరిని డ్రైవరూ పీలుస్తాడు. ఆడవారికి చాటుగా దుప్పట్లు, తొడుక్కోవడానికి నైటీలు ముందే బండిలో పెట్టుకోండి. అవి లేకనే చాలాచోట్ల తడి బట్టలతోనే ఆసుపత్రికి తీసుకుపోతున్నారు.