రీఫ్ ట్యాంకులో పడకూడనిది పడితే ఏం చేయాలి?

రీఫ్ ట్యాంకులో, అంటే ఉప్పునీళ్లలో కోరల్స్ (పగడాలు), చేపలు, రొయ్యలు పెంచే అక్వేరియంలో, సబ్బు నీళ్లో, దోమల మందో కలిసిందని తెలియగానే చాలామంది చేసే పని ఒకటే. సగం నీళ్లు తోడేసి, అప్పటికప్పుడు కలిపిన ఉప్పునీళ్లు గుమ్మరిస్తారు. మందుకు తట్టుకున్న కోరల్స్ కూడా ఆ నీళ్లకు తట్టుకోలేవు. తర్వాత తప్పంతా మందు మీదకు నెడతారు. హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల ఇళ్లలో ఇది చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను.

ఇంట్లో ఎప్పుడూ ఉండాల్సినవి: యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్లలోని మందుల్ని పీల్చుకునే బొగ్గు), దాన్ని వేయడానికి జాలీ సంచి, రిఫ్రాక్టోమీటర్ (నీళ్లలో ఉప్పు ఎంతుందో కొలిచేది), ఆల్కలినిటీ (నీళ్ల క్షార గుణం) టెస్ట్ కిట్, కలిపి సిద్ధంగా పెట్టుకున్న ఉప్పునీళ్ల డ్రమ్ము. డ్రమ్ము కొత్తదే కొనండి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికే నీలం డ్రమ్ముల్లో అంతకుముందు ఏ కెమికల్ పోశారో చెప్పేవాళ్లు ఉండరు.

ఏం పడిందో చూడండి

ముందుగా రొయ్యల్ని చూడండి. క్లీనర్ ష్రింప్ రాయి మీద పట్టు తప్పి, వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటుంటే, చేపలు మాత్రం ఇంకా మామూలుగా తిరుగుతుంటే, దోమల మందునే అనుమానించాలి. దోమా రొయ్యా రెండూ కీళ్లకాళ్ల జీవులే. దోమను చంపే పైరెత్రాయిడ్ మందులు రొయ్యను, పీతను కూడా చంపుతాయి, చేపలకూ ప్రమాదమే. వానాకాలంలో వీధిలో ఫాగింగ్ బండి వచ్చినప్పుడు, అపార్ట్‌మెంట్‌లో పెస్ట్ కంట్రోల్ చేయించినప్పుడు ట్యాంకు మీద గుడ్డ కప్పితే చాలనుకుంటారు. చాలదు. ఎయిర్ పంపు, స్కిమ్మర్ (నురగతో మురికిని బయటికి తీసే పరికరం) గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి నెడతాయి. ముందు వాటిని ఆపాలి. ట్యాంకున్న గదిలో ప్లగ్‌కి పెట్టే దోమల మందు అసలు వాడకూడదు. కిటికీలకు మెష్ కొట్టించుకోండి.

స్కిమ్మర్ కప్పు ఉన్నట్టుండి తెల్లటి నురగతో పొంగి పొర్లుతుంటే సబ్బో, ఫ్లోర్ క్లీనరో, శానిటైజర్ చేతులో కారణం. నత్తలు అద్దం మీంచి రాలిపోయి, కోరల్ పాలిప్స్ (కోరల్ మీది చిన్న చిన్న జీవులు) ముడుచుకుని తెరుచుకోకపోతే రాగి కోసం వెతకండి. ఇత్తడి ఫిట్టింగు, పిల్లలు వేసిన నాణెం, తుప్పు పట్టిన మ్యాగ్నెట్, చేపల జబ్బుకని పోసిన కాపర్ మందు, ఏదైనా కావచ్చు.

వెంటనే చేసేవి

కారణమైన వస్తువును తీసేయండి. మందు గదిలో కొట్టి ఉంటే కిటికీలు తెరవండి, పొగ బయటినుంచి వస్తుంటే మూసేయండి. వేవ్‌మేకర్‌ను (నీళ్లను కదిలించే పంపు) నీటి పైభాగం వైపు తిప్పితే ఆక్సిజన్ అందుతుంది. కార్బన్‌ను ఆర్‌ఓ నీళ్లలో నల్లటి పొడి పోయేదాకా కడిగి, సంప్‌లో (ట్యాంకు కింద ఫిల్టర్లు ఉండే తొట్టి) నీరు దాన్ని దాటుకుని పోయే చోట పెట్టండి. మేత ఆపండి. కార్బన్ నీళ్లను బాగా తేటగా చేస్తుంది, దాంతో కోరల్స్ మీద వెలుగు పెరుగుతుంది. కాబట్టి లైటు సగానికి తగ్గించండి.

స్కిమ్మర్ పొంగుతుంటే ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీటిని తనంతట తానే నింపే పరికరం) ఆపేయండి. స్కిమ్మర్ ఉప్పునీళ్లు బయటికి పోస్తుంటే, ఆ లోటును ఆటో టాప్ ఆఫ్ మంచినీళ్లతో నింపుతూ ఉంటుంది. మీరు సబ్బు గురించి టెన్షన్ పడుతుండగా ట్యాంకులో ఉప్పు తగ్గిపోతుంది.

రాగిని కార్బన్ పెద్దగా లాగదు. దానికి క్యుప్రిసోర్బ్ లాంటి, రాగిని పట్టే రెసిన్, లేదా పాలీ ఫిల్టర్ (లోహాల్ని పట్టే మెత్తటి పలక) కావాలి. ఎవరో చెప్పారని సీసాల్లో వచ్చే కండిషనర్లు మాత్రం పోయకండి. ఉన్న విషానికి ఇంకో కెమికల్ కలపడమే అవుతుంది.

నీళ్లు మార్చడం

ట్యాంకులు పోయేది ఇక్కడే. నిదానంగా చదవండి.

మొదట ఏ నీళ్లు? నల్లాలో మంజీరా వచ్చినా కృష్ణా వచ్చినా క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్లు మన దగ్గర చాలా చోట్ల కఠినం. వంటింటి ప్యూరిఫయర్ నీళ్లు చాలనుకునేవాళ్లే ఎక్కువ. వాటిలో కొన్నింటికి ఇప్పుడు ఆరోగ్యం పేరుతో కావాలనే రాగి కలిపే క్యాట్రిడ్జ్ ఉంటోంది. మనకు మంచిదేమో గానీ, రొయ్యకు మాత్రం విషమే. డీఐ దశ (మిగిలిన లవణాల్నీ లాగేసే రెసిన్) ఉన్న ఆర్‌ఓ నీళ్లే, టీడీఎస్ మీటర్ (కరిగిన లవణాల్ని కొలిచేది) సున్నా చూపిస్తేనే వాడాలి. తీరం నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెప్పించుకోవడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు. వానలు పడ్డాక ఒడ్డు దగ్గర నీళ్లలో నది నీళ్లు, మురుగు ఎంత కలిశాయో ఇక్కడ కూర్చుని తేల్చలేం.

ఉప్పును (వంట ఉప్పు కాదు, రీఫ్ ట్యాంకులకని అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం) నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. పోస్తే కాల్షియం తెల్లగా అడుక్కి దిగిపోతుంది. 100 లీటర్లకు మూడున్నర నుంచి నాలుగు కిలోలు పడుతుంది. రాత్రంతా పంపుతో తిప్పాలి. అందుకే డ్రమ్ము ముందే సిద్ధంగా ఉండాలంటున్నాను. రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోండి. మీ ట్యాంకు 33 దగ్గర నడుస్తుంటే కొత్త నీళ్లూ 33 ఉండాలి, పుస్తకంలో రాసిన అంకె కాదు.

తర్వాత వేడి. మే నెలలో బాల్కనీలో డ్రమ్ము 35 డిగ్రీలు దాటుతుంది, ట్యాంకు 26 దగ్గర ఉంటుంది. మూత గట్టిగా బిగించిన ఐసు సీసాలు డ్రమ్ములో వేసి, తేడా ఒక డిగ్రీకి వచ్చాకే నీళ్లు పోయాలి.

అందరూ వదిలేసేది ఆల్కలినిటీ. ట్యాంకులో 7.5 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే కొలమానం) ఉందనుకోండి. కొన్ని ఉప్పులు కలిపితే 11 వస్తుంది. 30 శాతం మారిస్తే ట్యాంకు దాదాపు 8.5 దాకా పెరుగుతుంది. సగం మారిస్తే 9.25 అవుతుంది. ఆ దూకుడుకు అక్రోపోరా (కొమ్మల్లా పెరిగే సున్నితమైన కోరల్) కొమ్మల కొసలు కాలినట్టు తెల్లబడి, చర్మం ఊడిపోతుంది. పెరుగుదల రోజుకు సుమారు ఒక డీకేహెచ్ దాటకూడదు. అందుకే ఒక్కసారికి 30 శాతమే మార్చాలి, మర్నాడు మళ్లీ కొలిచి ఇంకో 30 శాతం. రెండోసారి అయ్యాక మొదటి నీళ్లలో 49 శాతమే మిగులుతాయి, అంటే సగం ఒకేసారి మార్చినంత ఫలితం, కోరల్స్‌కు దెబ్బ లేకుండా. సన్న పైపుతో సంప్‌లోకి గంటసేపు వదలండి.

దోమల మందు పడి రొయ్యలు కొట్టుకుంటుంటే మాత్రం ఆగొద్దు. డ్రమ్ము నీళ్లు బకెట్‌లోకి తీసి వాటిని అందులోకి మార్చేయండి, ట్యాంకు సంగతి తర్వాత.

తర్వాతి రోజులు

కార్బన్ రెండు రోజులకు తీసి కొత్తది పెట్టండి, నిండిన కార్బన్ వల్ల ఉపయోగం ఉండదు. చచ్చినవాటిని వెంటనే తీసేయకపోతే అమ్మోనియా పెరుగుతుంది. రాగి విషయంలో తొందర అసలు పనికిరాదు. రాళ్లు, ఇసుక దాన్ని పట్టి ఉంచి, తర్వాత మెల్లగా నీళ్లలోకి వదులుతుంటాయి. టెస్ట్ కిట్ ఒకసారి సున్నా చూపించగానే కొత్త రొయ్య తెచ్చి వేయకండి. పాలీ ఫిల్టర్ ముక్క రాగికి నీలంగా మారుతుంది. కొత్త ముక్క పెట్టినా నీలం తిరగనప్పుడు, ముందు ఒక నత్తను వేసి చూడండి.